సర్తాన్‌కు ఒకటే ముఖం లేదు

మన ఇళ్లల్లో ఈ జబ్బును పేరు పెట్టి పిలవరు. గొంతు తగ్గించి "వో బీమారీ" అంటారు. పక్కింటి తెలుగువాళ్ల పెద్దలు రాచపుండు అనేవారు. ఉర్దూ కితాబుల్లో దీని పేరు సర్తాన్. అరబీలో సర్తాన్ అంటే ఎండ్రకాయ. మన జంత్రీలో ఉండే బుర్జె సర్తాన్, తెలుగు పంచాంగంలో ఉండే కర్కాటక రాశి ఒకటే. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్లలా కనిపించాయని పాతకాలపు యూనానీ హకీములు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషు క్యాన్సర్‌కూ అర్థం అదే. అన్ని భాషలవాళ్లూ ఒకే జంతువును చూసి భయపడ్డారన్నమాట.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో విలేకరిగా తిరిగిన ఇన్నేళ్లలో నన్ను చాలామంది అడిగిన సవాల్ ఒకటుంది. "మలేరియాకు గోలీ ఉంది. టీబీకి కోర్సు ఉంది. ఈ బీమారీకి మాత్రం ఒక్క దవా ఎందుకు కనిపెట్టలేదు?" సవాల్ న్యాయమైనదే. కానీ దీనికి సరైన జవాబు ఎవరూ చెప్పకపోవడంతో, ఆ ఖాళీలోకి సీసాలు అమ్మేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒకే సీసా, అన్ని సర్తాన్‌లకూ షిఫా అంటారు. కరోనా తర్వాత వాళ్లకు "ఇమ్యూనిటీ" అనే కొత్త మాట కూడా దొరికింది.

ఆ జవాబు ఎక్కడో విలాయత్‌లో లేదు. అందులో ఒక ముఖ్యమైన భాగం నలభై ఏళ్ల కింద మన హైదరాబాద్‌లోనే, హబ్సిగూడ దారిలోని ఒక ప్రయోగశాలలో దొరికింది. ఆ తారీఖ్ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మాటల సంగతి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. రోగాన్ని ఎదుర్కొనే శక్తిని అక్కడ ఖువ్వతె ముదాఫిఅత్ అని చదువుకున్నాను. డిగ్రీ తెలుగులో చదివినప్పుడు అది రోగనిరోధక శక్తి అయింది. ముదాఫిఅత్ అంటే రక్షణగా నిలబడటం, నిరోధం అంటే అడ్డుకోవడం. రెండు మాటల్లోనూ ఒకే బొమ్మ ఉంది. బయట దుష్మన్, లోపల మనం, మధ్యలో దర్వాజా దగ్గర పహరేదార్.

చేచక్ లాంటి రోగాలకు ఈ బొమ్మ సరిపోతుంది. చేచక్‌కూ గోబరీకీ తేడా చూపిస్తూ పదో శతాబ్దపు తొలినాళ్లలో అల్ రాజీ ఒక కితాబ్ రాశాడు. చేచక్ వచ్చి బతికి బయటపడినవాళ్లకు అది మళ్లీ ఎందుకు రాదో కూడా చెప్పడానికి ప్రయత్నించాడు. రక్తం పులిసి, పొంగి, చల్లారడమే కారణమన్నాడు. ఆ వివరణ ఇప్పుడు నిలబడదు కానీ, ఒంటికి ఒకసారి చూసిన రోగం యాద్ ఉంటుందన్న గమనింపు మాత్రం నిలబడింది. టీకాలన్నీ ఆ యాద్ మీదనే పనిచేస్తాయి.

సర్తాన్ దగ్గరికి వచ్చేసరికి ఈ బొమ్మ పనికిరాకుండా పోతుంది. అందలూసియా జర్రాహ్ అల్ జహ్రావీ వెయ్యేళ్ల కిందటే దీని గురించి రాశాడు. గడ్డ చిన్నదిగా ఉండి, మొత్తం తీసేయగల చోట ఉంటే కోయమన్నాడు. పెద్దదై పాతబడితే ముట్టుకోవద్దన్నాడు. అంత మొదటి దశలోనే పట్టుకోవాలన్న మాట ఈనాటికీ చెల్లుతుంది. కానీ ఒళ్లు తనంతట తాను ఈ దుష్మన్‌ను ఎందుకు తరిమికొట్టదు అన్నది ఆ కాలంలో ఎవరికీ అందలేదు.

ఎందుకంటే ఈ దుష్మన్ బయటినుంచి రాలేదు. అది మన కణమే, మన ఖాందాన్‌లో పుట్టినదే. మన రక్తంలోని టీ కణాలకు ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో తర్బియత్ జరుగుతుంది. సొంతవాళ్ల మీద చెయ్యెత్తేవాటిలో ఎక్కువ భాగం అక్కడే ఏరివేతకు గురవుతాయి. అలా తయారైన పహరేదార్, ఇంట్లో పుట్టి పెడదారి పట్టినవాణ్ని ఎలా గుర్తుపట్టాలి?

గుర్తుపడుతుందని 1909లోనే జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అన్నాడు. ఒంట్లో ఇలాంటి కణాలు పుడుతూనే ఉంటాయని, ఒంటి కాపలా వాటిని అణిచేస్తుంటుందని ఆయన ఖయాల్. అప్పుడు దానికి సుబూత్ లేదు. సుబూత్ ఎలకలతో వచ్చింది. 1943లో లుడ్విక్ గ్రాస్, 1957లో రిచ్మండ్ ప్రెన్, జోన్ మెయిన్ అమెరికాలో తజుర్బాలు చేశారు. ప్రెన్, మెయిన్‌ల తజుర్బా ఇలా సాగింది. ఒక రసాయనంతో ఎలకల్లో గడ్డ పుట్టించారు. అది పెరిగాక కోసి తీసేశారు. తర్వాత అదే గడ్డ కణాలను మళ్లీ ఎక్కించినప్పుడు, ఎలకలు వాటిని తిప్పికొట్టాయి. అంటే ఒంటికి ఆ గడ్డ యాద్ ఉంది.

అసలు ఆశ్చర్యం తర్వాత బయటపడింది. అదే రసాయనంతో, అదే జాతి ఎలకలో పుట్టిన ఇంకో గడ్డను ఎక్కిస్తే ఈ యాద్ పనిచేయలేదు. చేసింది ఒకే రసాయనం, రోగం పేరూ ఒకటే, కానీ గడ్డల గుర్తులు వేరు. అంటే ఒక్కో సర్తాన్‌కు ఒక్కో ముఖం. మరి ఆ ముఖం ఏ పదార్థంతో తయారైంది? ఎవరూ చేత్తో పట్టి చూపించలేకపోయారు. ఇక్కడే కథ హైదరాబాద్‌కు వస్తుంది.

1944లో నిజాం హుకూమత్ రియాసత్‌లోని పరిశ్రమల కోసం ఒక కేంద్ర ప్రయోగశాల పెట్టింది. బొగ్గు, నూనె గింజలు, రసాయనాలు, ఇవే అప్పట్లో దాని పని. 1948లో దాని పగ్గాలు డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ చేతికి వచ్చాయి. ఉర్దూ అదబ్ చదివినవాళ్లకు ఆయన ఖాందాన్ తెలిసే ఉంటుంది. తరఖ్ఖీ పసంద్ రచయితల అంజుమన్ స్థాపించిన సజ్జాద్ జహీర్‌కు ఆయన అన్న. తమ్ముడు కలం పట్టాడు, అన్న పరీక్షనాళిక పట్టాడు. 1956లో ఆ ప్రయోగశాల కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి కిందికి వెళ్లి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. తర్నాకలో మనం ఇప్పుడు ఐఐసీటీ అంటున్నది దాన్నే. జహీర్ సాబ్ 1962లో దేశంలోని ఆ మండలి మొత్తానికి అధిపతిగా వెళ్లారు.

1950లో లక్నో నుంచి ఒక నౌజవాన్ రసాయన శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చాడు. పేరు పుష్ప మిత్ర భార్గవ. తర్వాత ఆయన దృష్టి రసాయనాల నుంచి జీవకణాల మీదికి మళ్లింది. 1977లో ఆ పరిశోధనశాల జీవరసాయన విభాగంలోనుంచే సీసీఎంబీని, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రాన్ని నిలబెట్టాడు. నిజాం కాలంలో నాటిన చెట్టుకు స్వతంత్ర భారతంలో మొలిచిన కొమ్మ అది. ఎవరిదో ఒకరిదేనని చెప్పుకోవడానికి వీల్లేని విరాసత్.

ఆ కేంద్రంలో ఎం.ఆర్. దాస్ అనే ఉస్తాద్ ఉండేవారు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ప్రమోద్ శ్రీవాస్తవ పీహెచ్‌డీ కోసం ఆయన దగ్గర షాగిర్ద్ అయ్యాడు. వాళ్లు ఎంచుకున్నది జైదెలా హెపటోమా అనే ఎలుక కాలేయపు సర్తాన్. ఇది గట్టి గడ్డలా కాకుండా ఎలుక పొట్టలో నీరు నింపి, ఆ నీటిలో కణాలుగా పెరుగుతుంది. కణాలను తీయడం, కడగడం, వాటి పైపొరలోని ప్రోటీన్లను విడదీయడం వీలవుతుంది.

వాళ్ల సవాల్ సాదాసీదాగా చెప్పాలంటే ఇది. ఆ కణం పైపొరలో, దానికే ప్రత్యేకమైనదని రక్తంలోని ప్రతిరక్షకాలు గుర్తుపట్టే ఒక పదార్థం ఉంది. ఎలుకను ఆ సర్తాన్ నుంచి కాపాడే గుర్తు కూడా అదేనా? గుర్తుపట్టడం వేరు, కాపాడటం వేరు. గల్లీలో దొంగ ముఖం నలుగురికీ తెలిసినంత మాత్రాన దొంగతనం ఆగదు కదా. 1984లో అంతర్జాతీయ క్యాన్సర్ పత్రికలో ఉస్తాద్, షాగిర్ద్ ఇద్దరి పేర్లతో జవాబు అచ్చయింది. అవును, రెండూ ఒకటే అని. ప్రెన్, మెయిన్ నీడను చూపించారు. ఆ నీడ వెనకున్న మనిషిని పట్టుకునే ప్రయత్నాల్లో మొదటివాటిలో ఇదొకటి.

తర్వాత శ్రీవాస్తవ అమెరికా వెళ్లాడు. 1986లో లాయిడ్ ఓల్డ్, ఆల్బర్ట్ డిలియోలతో కలిసి ఎలకల గడ్డల్లోనుంచి జీపీ96 అనే ప్రోటీన్‌ను వేరుచేశాడు. ఒక గడ్డనుంచి తీసిన జీపీ96 ఎలకను ఆ గడ్డనుంచే కాపాడింది, వేరే గడ్డనుంచి కాపాడలేదు. అంతా లెక్క ప్రకారమే ఉంది అనుకుంటుండగా ఒక చిక్కు వచ్చింది. జీపీ96 అన్ని కణాల్లోనూ ఉండే మామూలు ప్రోటీన్, సర్తాన్ కణంలోనూ మంచి కణంలోనూ దాని రూపం ఒకటే. మరి గడ్డగడ్డకూ తేడా ఎక్కడినుంచి వస్తోంది?

మన పాత షాయరీలో ఖాసిద్ ఉంటాడు. ఖత్ మోసుకెళ్లేవాడు. ఖాసిద్ ముఖం చూస్తే ఏమీ తెలియదు, సంగతంతా అతని సంచిలోని ఖత్‌లో ఉంటుంది. జీపీ96 అలాంటి ఖాసిద్ అని తేలింది. కణంలోని ప్రోటీన్ల తునకలను అది వెంట మోసుకుని తిరుగుతుంది. సర్తాన్ కణంలో జన్యువులు చెడిపోయి కొన్ని ప్రోటీన్లు మారిపోతాయి. ఆ మారిన తునకలే ఖత్. ఖాసిద్ వాటిని తీసుకెళ్లి ఒంటి కాపలా కణాలకు అందిస్తే, అవి చదివి టీ కణాలను లేపుతాయి. ఒక్కో మరీజ్‌లో చెడిపోయిన జన్యువుల జాబితా వేరు. అందుకే ఒక్కో ఖత్‌లో రాత వేరు.

మన సవాల్‌కు జవాబు ఇదే. మలేరియా పురుగు రకాలు కరీంనగర్‌లోనైనా ఉట్నూర్‌లోనైనా కొన్నే, వాటికి గోలీలు కుదురుతాయి. సర్తాన్ పేరు ఒకటే కానీ అది ఒక్కో ఒంట్లో ఒక్కో రాత. అన్నిటికీ ఒకే సీసా అని ఎవరైనా అమ్మితే, అతను హకీమ్ అయినా కోటు వేసుకున్నవాడైనా, అబద్ధం అమ్ముతున్నాడు.

ఈ తారీఖ్‌ను ఇక్కడే ఆపితే గెలుపు కథలా ఉంటుంది. కానీ పూర్తిగా చెప్పాలి. శ్రీవాస్తవ 1994లో మరొకరితో కలిసి ఒక కంపెనీ పెట్టాడు. మరీజ్ గడ్డను కోసి తీసి, అందులోని జీపీ96ను వేరుచేసి, అదే మరీజ్‌కు టీకాగా ఇవ్వడం వాళ్ల ఆలోచన. కిడ్నీ క్యాన్సర్ మరీజ్‌ల మీద పెద్ద పరీక్ష జరిగింది. 2008లో అచ్చయిన ఫలితాల్లో, మొత్తం మీద చూస్తే, టీకా వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ రోగం తిరగబెట్టడంలో గట్టి తేడా కనిపించలేదు. ఆ ఏడాది రష్యా దానికి ఇజాజత్ ఇచ్చింది, అమెరికా ఇవ్వలేదు. ఇల్మ్ నిజమే అయినా ఇలాజ్ కావడానికి ఇంకా దూరం ఉందని అప్పుడు తెలిసింది.

ఆ దూరంలో ఏముందో వేరేవాళ్లు కనిపెట్టారు. పహరేదార్ దుష్మన్‌ను గుర్తుపట్టినా, సర్తాన్ అతని చేతులు కట్టేస్తుంది. మామూలుగా టీ కణాలు హద్దు మీరి సొంత ఒంటినే తినేయకుండా వాటికి లగామ్ ఉంటుంది. ఆ లగామ్‌ను సర్తాన్ తనకు వాడుకుంటుంది. అమెరికాలో జేమ్స్ ఆలిసన్, జపాన్‌లో తసుకు హోంజో ఆ లగామ్‌ను వదులు చేయవచ్చని చూపించారు. ఆ దారిలో మొదటి మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2018లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంకో దారిలో, మరీజ్ టీ కణాలనే బయటికి తీసి, సర్తాన్‌ను గుర్తుపట్టే అమరిక పెట్టి, తిరిగి ఎక్కిస్తున్నారు. దాన్ని కార్-టీ అంటారు. ఐఐటీ బాంబే ప్రయోగశాల, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన దేశీ కార్-టీకి 2023లో మన దేశంలో ఇజాజత్ దొరికింది. కొన్ని రకాల రక్త క్యాన్సర్‌లకు అది పనికొస్తోంది. ఒక్కో మరీజ్ ఖత్ చదివి అతనికే టీకా తయారుచేసే ప్రయత్నాలూ ఇప్పుడు కొత్త పద్ధతుల్లో మళ్లీ సాగుతున్నాయి. ఇవన్నీ డాక్టర్ల చేతుల్లో, లెక్క ప్రకారం చేసే ఇలాజ్‌లు. పహరేదార్‌ను ఊరికే "బలపరచడం" వీటిలో ఏదీ కాదు. లగామ్ మరీ వదులైతే అదే పహరేదార్ పేగుల మీద, ఊపిరితిత్తుల మీద దాడి చేస్తాడు. "ఇమ్యూనిటీ పెంచే" సీసా అమ్మేవాడికి ఈ సంగతి తెలియదు, తెలిసినా చెప్పడు.

అయితే సర్తాన్‌లలో కొన్నిటికి మాత్రం అందరిలోనూ ఒకే గుర్తు ఉంటుంది. అవి వైరస్ వల్ల వచ్చేవి. అక్కడ దుష్మన్ నిజంగానే బయటినుంచి వస్తాడు, పాత బొమ్మ మళ్లీ పనికొస్తుంది. కాలేయపు సర్తాన్‌కు హెపటైటిస్ బి వైరస్ పెద్ద కారణం. దాస్, శ్రీవాస్తవ ఎలుక కాలేయపు సర్తాన్ గురించి అచ్చువేసిన 1984లోనే, తైవాన్ పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా వేయడం మొదలుపెట్టింది. పదమూడేళ్లకు లెక్క చూస్తే అక్కడి పిల్లల్లో కాలేయపు సర్తాన్ దాదాపు సగానికి తగ్గింది. మనిషిలో సర్తాన్‌ను టీకాతో ఆపవచ్చని తేలింది.

ఆ టీకా అప్పట్లో మన దేశానికి దిగుమతి అయ్యేది, ధర గరీబులకు అందేది కాదు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేయాలనుకుంది. బ్యాంకులు ముందుకు రాని రోజుల్లో డబ్బు పెట్టినవాడు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ. పరిశోధన తొలిరోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో సాగింది. 1997లో టీకా బజారుకు వచ్చింది, ధరలు దిగొచ్చాయి. 2011 నాటికి దేశమంతటా పిల్లలకు ముఫ్త్‌గా వేసే టీకాల్లో అది చేరింది. మన జిల్లాల నుంచి మస్కట్, దుబాయ్ వెళ్లినవాళ్లు పైసలు పంపిన కథలు మనకు చాలా తెలుసు. అటునుంచి వచ్చిన పైసల్లో కొన్ని ఇలా మన పిల్లల కాలేయాలను కాపాడటానికి పనికొచ్చాయన్నది తక్కువమందికి తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్‌లలో గల్ఫ్ వీసా కోసం మెడికల్‌కు వెళ్లని ఇల్లు అరుదు. అక్కడ హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అని రాసి, "అన్‌ఫిట్" ముద్ర వేసి పంపిస్తారు. ఇంట్లో మాతమ్ మొదలవుతుంది, వీసా పోయిందని, ఏజెంట్‌కు కట్టిన పైసలు పోయాయని. చీటీ బీరువాలోకి వెళ్తుంది. ఆ చీటీ వీసా గురించి మాత్రమే కాదు, కాలేయం గురించి కూడా చెబుతోంది. ఆ నౌజవాన్ కాలేయాన్ని డాక్టర్ ఒకసారి చూసి వదిలేయకూడదు, ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలి. అందరికీ మందులు అవసరం ఉండవు. అవసరమైనవాళ్లకు ఇచ్చే గోలీలు కాలేయం ఎండిపోవడాన్ని, సర్తాన్ వచ్చే ఖతరాను తగ్గిస్తాయి. ఇంట్లో మిగతావాళ్లు పరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేసుకోవాలి. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటే ఇది అంటదు. రక్తం ద్వారా, ఒకే బ్లేడు, ఒకే సూది వాడటం ద్వారా, భార్యాభర్తల మధ్య, కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకు వస్తుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి. కాన్పు గదిలో నానీలు, దాదీలు అడగాల్సిన మొదటి మాట అదే.

హైదరాబాద్‌లో రెండు చిరునామాలు ఉన్నాయి. ఒకటి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానా. రియాసత్ కాలంలో పెద్ద ఓహ్దాల్లో పనిచేసి, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న సర్కారీ దవాఖానా అది, 1955లో మొదలైంది. ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్లు బస్సులో వచ్చి, జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి మన మరీజ్‌లు వెళ్లేది అక్కడికే. రెండోది హబ్సిగూడలోని ప్రయోగశాల. అక్కడికి మన జిల్లాల నుంచి మరీజ్‌గా వెళ్లే పని లేదు, కానీ షాగిర్ద్‌గా వెళ్లే దారి ఉంది. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న మన ఆడపిల్లలకు డాక్టర్ సీటు రాకపోతే చదువు అయిపోయిందని అనుకుంటున్నాం. సీసీఎంబీలో ఆ పని చేసినప్పుడు శ్రీవాస్తవ వైద్యుడు కాదు, భార్గవ వైద్యుడు కాదు, జహీర్ సాబ్ కూడా కాదు.

నోట్లో మానని పుండు, రొమ్ములో గడ్డ, వేళ కాని వేళ కనిపించే రక్తం, వీటిలో ఏది కనిపించినా పేరు దాచకండి, సీసా వెతకకండి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే జర్రాహ్ దగ్గరికి పొమ్మని వెయ్యేళ్ల కింద అల్ జహ్రావీ చెప్పాడు. ఆ గడ్డ ముఖం ఎవరికి వారిదేనని నలభై ఏళ్ల కింద హైదరాబాద్ చెప్పింది. బీరువాలో "అన్‌ఫిట్" చీటీ ఉంటే ఈ వారమే బయటికి తీయండి, కాలేయం డాక్టర్‌కు చూపించండి.